సాహో అర్థం కాలేదన్నారు... అందులో మా హాలు వాటా ఎంతంటే

2019 ఆగస్టు 30 శుక్రవారం, 31 శనివారం మన హాల్లో సాహో సినిమా చూసినవాళ్లందరికీ ముందుగా క్షమాపణ. ఆ రెండు రోజులూ తెర వెనక మధ్య స్పీకరులో మాటలు స్పష్టంగా పలికే భాగం, హారన్, చచ్చిపోయి ఉంది. చింపిన టికెట్ ముక్క గానీ, ఫోన్‌లో బుకింగ్ మెసేజ్ గానీ కౌంటర్లో చూపిస్తే సెప్టెంబర్ 12 గురువారం దాకా ఏ ఆటకైనా అదే తరగతిలో మళ్లీ కూర్చోబెడతాం. ఆ సీట్లకి డిస్ట్రిబ్యూటర్ వాటా మేమే కడతాం.

సినిమాకి వచ్చిన రివ్యూలు మీరూ చదివారు. సుమారు 350 కోట్ల ఖర్చు, హాలీవుడ్ ఫైట్ మాస్టర్ కెన్నీ బేట్స్ చేసిన అబుదాబి ఛేజింగ్, పేలుళ్లు బాగున్నాయన్నారు. కథ గందరగోళం, ట్విస్టు మీద ట్విస్టు, ఎవరు ఎవరి మనిషో తెలియలేదన్నారు. ఆ మాటల్లో న్యాయం ఉంది, కాదనం. కానీ మన ఊళ్లో చాలామంది "ఒకటే గోల, ఒక్క ముక్క అర్థం కాలేదు" అంటే, అది కూడా రివ్యూల్లో రాసినదే కదా అని మేం సర్దుకున్నాం. తప్పు అక్కడ జరిగింది. కథ అర్థం కాకపోవడం వేరు, మాట వినపడకపోవడం వేరు. ఇంటర్వెల్ దగ్గర ముడి విప్పేది మాటలే. ఆ మాటలే మసకగా వినపడితే ప్రేక్షకుడు సినిమాని ఎలా తూచగలడు?

తెర వెనక మూడు స్పీకర్లుంటాయి: ఎడమ, మధ్య, కుడి. మాటలు దాదాపు అన్నీ మధ్యదాన్లోంచే వస్తాయి. ఒక్కోదాన్లో కింద బరువైన శబ్దానికి వూఫర్, పైన సన్నటి శబ్దానికి హారన్. సుమారు 500 హెర్ట్జ్ పైనున్న శబ్దమంతా హారన్‌దే. స, శ, ట, త లాంటి అక్షరాలు స్పష్టంగా పలికేది అక్కడే. హారన్ పోతే వూఫర్ ఒక్కటే మోగుతుంది, మనిషి కుండలో మూతి పెట్టి మాట్లాడినట్టుంటుంది. కార్లు, బాంబులు, జిబ్రాన్ నేపథ్య సంగీతం మాత్రం పక్క స్పీకర్లలోంచీ సబ్ వూఫర్లలోంచీ యథాతథంగా వచ్చేస్తాయి. అందుకే గోల నిండుగా ఉంది, మాట లేదు.

శనివారం మ్యాట్నీ అయ్యాక బాల్కనీలో ఎప్పుడూ కూర్చునే ఒక పెద్దాయన కేబిన్ మెట్లెక్కి వచ్చి, "సినిమా సంగతి సరే, ముందు వేసిన సబ్బు ప్రకటన కూడా అలాగే వినపడిందేం?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో మాకు తెలివొచ్చింది. సెకండ్ షో వదిలాక టెస్ట్ శబ్దం వేసి చూస్తే మధ్య హారన్‌లో ఉలుకూ పలుకూ లేదు. విప్పితే డయాఫ్రమ్ అంచున, అంటే అదురుతూ శబ్దం పుట్టించే పల్చటి టైటానియం రేకు అంచున, వెంట్రుకంత చీలిక, దాన్ని అదిలించే కాయిల్ తీగ తెగి ఉంది. కారణం మాదే. శుక్రవారం మొదటి ఆటకి ఈలలు దాటి వినపడాలని ఫేడర్ (హాలు శబ్దం పెంచి తగ్గించే మీట) 8 దాకా పెంచాం. మోయలేనంత బరువు పడుతోందని చెప్పే యాంప్లిఫయర్ క్లిప్ లైటు ఎర్రగా వెలుగుతున్నా దించలేదు.

ఇలాంటి రోజు కోసమే జులైలో ఒక డీలర్ దగ్గర స్పేర్ డయాఫ్రమ్ కొని బీరువాలో పెట్టాం. బిల్లు మీద 8 ఓమ్‌లు (కరెంటుని కాయిల్ ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత), పెట్టె మీదా 8 ఓమ్‌లే. ఆ రాత్రి పెట్టె విప్పి మీటరు పెడితే 10 దాటి చూపించింది. 8 ఓమ్‌లదైతే 5, 6 చూపించాలి. లోపల పెట్టింది 16 ఓమ్‌ల సరుకు. ఫోన్ చేస్తే "అదీ మోగుతుంది కదండీ" అన్నారు. మోగుతుంది. అదే వోల్టేజికి సగం పవరే తీసుకుని 3 డెసిబెల్స్ తక్కువ మోగుతుంది. పూర్తి ధర తీసుకుని వేరే సరుకు అంటగట్టి ఆ మాట అనడం మాకు గట్టిగా తగిలింది. ఆ షాపు గడప మళ్లీ తొక్కం. వచ్చిన సరుకు ఆ రోజే విప్పి మీటరు పెట్టకపోవడం మా తప్పు, అదీ ఒప్పుకుంటున్నాం.

ఆ రాత్రి తేల్చుకోలేకపోయింది ఒక్కటే: కుడి స్పీకరులో చక్కగా పనిచేస్తున్న డయాఫ్రమ్ తీసి మధ్యలో పెట్టాలా, వద్దా? ఆ కాయిల్ కూర్చునే సందు కాగితం మందం. ఇనుప నలక ఒకటి పడినా, కాయిల్ కొంచెం పక్కకి ఒరిగినా గరగరమంటుంది. బాగున్నదాన్ని విప్పి అదీ పాడైతే వినాయక చవితి ముందు ఆదివారం హాలు మూసుకోవాలి. 16 ఓమ్‌లది తెచ్చి నేరుగా మధ్యలో పెట్టి యాంప్లిఫయర్ పెంచితే తేలిక. కానీ ఈ సినిమాలో మాట కోసం తెలియని సరుకుని నమ్మబుద్ధి కాలేదు. తెల్లవారుజామున మూడింటికి కుడిదాన్ని విప్పాం. టేపు జిగురు వైపు సందులోకి దించి నలక అంటించి తీశాం. మధ్యలో బిగించి, నాలుగు స్క్రూలూ ఎదురెదురుగా కొంచెం కొంచెం తిప్పుకుంటూ వచ్చాం. 16 ఓమ్‌లది కుడివైపు పెట్టి అక్కడ 3 డెసిబెల్స్ పెంచాం. ఆదివారం మార్నింగ్ షో నుంచి మాట శుభ్రంగా ఉంది. మంగళవారం వేరే చోటి నుంచి అసలు 8 ఓమ్‌లది వచ్చింది, కుడివైపూ సరిచేశాం. మైకు హాల్లో మూడింట రెండు వంతుల దూరాన పెట్టి, ఫేడర్ 7 దగ్గర ఒక్కో తెర స్పీకరు 85 డెసిబెల్స్ వచ్చేలా కొలిచాం.

ఇకమీదట ఫేడర్ 6 దగ్గర ఉంటుంది. 7 నుంచి 6కి వస్తే 3 డెసిబెల్స్ పైన తగ్గుతుంది, యాంప్లిఫయర్ మీద బరువు సగానికి సగం దిగుతుంది. ఎవరి అభిమాన హీరో వచ్చినా 6 దాటదు. తలనొప్పి అన్నారని 4కీ దించం, అలా దించితే మాట మళ్లీ మునుగుతుంది.

రివ్యూలు చూసి సినిమా తీసేస్తారా అని అడుగుతున్నారు. సెప్టెంబర్ 12 దాకా నాలుగు ఆటలూ ఇదే. నచ్చనివాళ్లు నచ్చలేదనే చెప్పండి, కానీ ప్రతి మాటా విన్నాక చెప్పండి. ఇంకెప్పుడైనా మాట మసకగా అనిపిస్తే ప్రకటనలు నడుస్తుండగానే గేటు దగ్గరి అబ్బాయికి ఒక్క మాట చెప్పండి. ఆట ఆపి చూస్తాం.