మా పాపకు అండగా నిలిచిన వారందరికీ కృతజ్ఞతలు

విశాఖపట్నం జిల్లా కలెక్టరు గారి దత్తత ఉత్తర్వు మా చేతికి అందింది. ఫాస్టర్ కేర్ పద్ధతిలో, అంటే దత్తతకు ముందు అధికారుల అనుమతితో తాత్కాలికంగా పెంచే పద్ధతిలో, మా గాజువాక ఇంట్లో పెరుగుతున్న పాప ఇక చట్టప్రకారం కూడా మా కూతురే. ఇంతవరకూ మాకు తోడుగా ఉన్నవారికి నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాము. పాప వివరాలు బయటపడకూడదు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరికి వారికి తెలుస్తుంది.

మొదటి నమస్కారం జిల్లా బాలల సంరక్షణ విభాగంలో పనిచేసే సామాజిక కార్యకర్త గారికి. మేము ఆమె దగ్గరికి వెళ్లింది పసిబిడ్డ కోసమే. అప్పటికే మా ఇద్దరి వయసులు కలిపితే తొంభై దాటాయి. రెండేళ్లలోపు బిడ్డను దత్తత తీసుకునే దంపతులకు ఆ మొత్తం 85 మించకూడదని, ఎనిమిదేళ్లు దాటిన పిల్లలకైతే 110 వరకు వీలుంటుందని ఆమె చెప్పారు. అక్కడితో ఊరుకోకుండా, బడి ఈడు పిల్లలకు తమదంటూ ఒక గతం, తెలిసిన మనుషులు, అలవాట్లు ఉంటాయని, వాటిని చెరిపేసి కొత్తగా మొదలుపెడదామనుకుంటే ఇప్పుడే ఆగిపోవడం మంచిదని సూటిగా అన్నారు. అంతకుముందు ఐదేళ్లు పెంచితే గాని దత్తత కోరే వీలులేని ఫాస్టర్ కేర్ కుటుంబాలకు, 2024లో సవరించిన మార్గదర్శకాలు ఆ గడువును రెండేళ్లకు తగ్గించాయని కూడా ఆమె ద్వారానే తెలిసింది.

సంరక్షణ అవసరమైన పిల్లల విషయంలో నిర్ణయాలు తీసుకునే బాలల సంక్షేమ సమితి సభ్యులు ప్రతిసారీ మమ్మల్ని బయట కూర్చోబెట్టి పాపతో విడిగా మాట్లాడారు. ‘అక్కడ ఉండటం ఇష్టమేనా’ అని కాకుండా ‘ఆ ఇంట్లో నీకు నచ్చనిది ఏమిటి’ అని అడిగారట. అలా అడగడం వల్లే ఆమె నోరు విప్పిందని మా నమ్మకం. (నచ్చనివాటి జాబితా చిన్నదేమీ కాదని తర్వాత తెలిసింది.)

పాప అంతకుముందు పెరిగిన బాలల గృహంలోని ఆయమ్మ గారి రుణం మాత్రం తీరేది కాదు. మా ఇంటికి వచ్చిన కొత్తలో పాప భోజనాల వేళకు ‘గంట ఎప్పుడు కొడతారు’ అని అడిగేది, ఫ్యాను వేసుకోవడానికి కూడా అనుమతి కోరేది. పాపకు కోపం వస్తే వెంటపడి బుజ్జగించకూడదని, కాసేపు వదిలేస్తే తానే వచ్చి మాట్లాడుతుందని, దీపం ఆర్పితే నిద్రపోదని, బీరకాయ ముట్టదని మాకు చెప్పింది ఆయమ్మ గారే. రాత్రి పూట ఫోన్ చేసినా విసుక్కోకుండా పాపతో మాట్లాడారు, ఇప్పటికీ మాట్లాడుతున్నారు.

విద్యా సంవత్సరం మధ్యలో వచ్చిందని, సొంత తండ్రి వివరాలు కావాలని ఒక పాఠశాల పాపను చేర్చుకోలేదు. వయసు ధ్రువీకరణ లేదనో, ఆలస్యంగా వచ్చారనో బిడ్డకు ప్రవేశం నిరాకరించరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉందని గుర్తుచేసి, ఆ రోజే తరగతిలో కూర్చోబెట్టిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు గారికి మా ధన్యవాదాలు. వంశవృక్షం గీసుకురమ్మనాల్సిన పాఠం వచ్చినప్పుడు, తరగతి మొత్తానికీ ‘మా ఇంట్లో ఎవరెవరు ఉంటారు’ అని మార్చి ఇచ్చిన తెలుగు టీచరు గారికి కూడా.

2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వులు కోర్టు నుంచి కాక కలెక్టరు గారి నుంచే వస్తున్నాయి. మా కాగితాలలో పేర్ల అక్షరాలను ఓపికగా సరిచూసిన కార్యాలయ సిబ్బందికి కృతజ్ఞతలు. ఇకపై రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి పాప బాగోగులు చూసి నివేదిక రాస్తారు కనుక సామాజిక కార్యకర్త గారి రాక ఆగదు, అది మాకు సంతోషమే.

మా వీధి పెద్దలకు ఒక విన్నపం. ‘ఎంత పుణ్యం చేసుకుంటున్నారో’ అని మీరు ప్రేమతోనే అంటున్నారు, కానీ దయచేసి పాప వినేలా అనకండి. బడికి పోయే పిల్ల ఎవరి పుణ్యానికీ లెక్క కాకూడదు.

ఇది పెట్టే ముందు పాపకు చదివి వినిపించాము. రెండు వాక్యాలు తీసేయమంటే తీసేశాము. ఆమె చేర్చమన్నది ఇది: రోజూ బడికి తీసుకెళ్లే ఆటో అన్నయ్యకు థాంక్స్, ఆలస్యమైనా తనను వదిలి వెళ్లనందుకు.