ఆదివారం బోనం, సోమవారం సెలవు

చిరంజీవి బిడ్డకు నాన్న ఆశీస్సులు.

బోనాలు ఆదివారమైతే తెలంగాణ ప్రభుత్వం సోమవారం సెలవు ఎందుకు ఇస్తుందని మీ బెంగళూరు ఆఫీసువాళ్ళు అడిగారని, సరిగ్గా చెప్పలేకపోయానని ఫోనులో అన్నావు. అది ఫోనులో తేలే మాట కాదు గనుక రాస్తున్నాను.

ఈ పండుగ వెనుక ఒక మొక్కు ఉంది. 1813 ప్రాంతంలో హైదరాబాదు, సికింద్రాబాదులను మహమ్మారి కబళిస్తున్నప్పుడు, ఉజ్జయినిలో విడిది చేసిన ఇక్కడి పటాలంవారు తమ ఊరు చల్లబడితే నిన్ను తీసుకువెళ్ళి కొలుచుకుంటామని అక్కడి మహంకాళికి మొక్కుకున్నారట. 1815లో తిరిగి వచ్చాక అమ్మవారి కట్టె విగ్రహాన్ని ఇక్కడ నిలిపినవాడు సురిటి అప్పయ్య. ఆయన పటాలంలో డోలీ మోసేవాడు. ఇంత పెద్ద జాతరకు మూలపురుషుడు ఒక బోయీ కావడం నాకెప్పుడూ గర్వంగానే అనిపిస్తుంది. దండు విడిసిన చోటు గనుక మన సికింద్రాబాదు జాతరను నేటికీ లష్కర్ బోనాలు అంటారు.

వానలు పట్టి రోగాలు ముసిరే ఆషాఢంలో తొలి బోనం గోల్కొండ జగదాంబికకు ఎక్కుతుంది, ఆ తరువాత లష్కర్‌కు, ఆపైన పాతబస్తీలోని లాల్‌దర్వాజ సింహవాహినికి వంతు వస్తుంది. బోనం ఎలా తయారవుతుందో మీవాళ్ళకు చెప్పాలంటే మీ నానమ్మ చేతులను గుర్తు చేసుకో. కొత్త కుండకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పాలూ బెల్లమూ వేసి వండిన అన్నాన్ని అందులో నింపి, మెడ చుట్టూ వేపమండలు కట్టి, మూత మీద దీపం వెలిగించి, చుట్టకుదురు మీద నిలుపుకొని ఆమె గడప దాటేది. గుడి చేరాక వేపాకులు వేసిన పసుపునీళ్ళతో సాక పోసేది. ఒంటినిండా పసుపు పూసుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టి, కొరడా ఝళిపించే పోతరాజును, అంటే అమ్మవారి తమ్ముడి వేషధారిని, చూసి చిన్నప్పుడు నువ్వు ఆమె కొంగు వెనుక దాక్కునేదానివి.

బోనం ఎక్కించడంతో మొక్కు తీరుతుందే గాని, అమ్మవారి మాట వినేది మరునాడే. సోమవారం పొద్దున పచ్చికుండ మీద నిలబడిన స్త్రీ వానలు, పంటలు, రోగాల గురించి భవిష్యవాణి చెబుతుంది. దానినే రంగం అంటారు. నమ్మినా నమ్మకపోయినా, ఆ కాసేపు గుడి ప్రాంగణంలో ఎవరూ నోరు మెదపరు. లాల్‌దర్వాజ బోనాల మరునాడు, సోమవారం సాయంత్రం పాతబస్తీలో అక్కన్న మాదన్న గుడి ఘటం, అంటే అమ్మవారి రూపుగా అలంకరించిన కలశం, ఏనుగు మీద బయలుదేరగా, తక్కిన గుడుల ఘటాలూ తోడై ఊరేగింపుగా నయాపూల్ దాకా సాగి మూసీలో నిమజ్జనమవుతాయి. తీన్‌మార్ డప్పులు, కాగితపు తొట్టెలు, ఫలహారం బండ్లు దారి పొడవునా కదులుతుంటే ఊరు పని చేసుకోవడం అయ్యేది కాదు. 2014లో రాష్ట్ర పండుగగా ప్రకటించిన ఈ జాతరకు అందుకే ఆ సోమవారం సెలవు. మన లష్కర్ రంగం అంతకు ముందు వారమే అయిపోతుంది, దానికి మాత్రం మనమే సొంత సెలవు పెట్టుకోవాలి!

వీలైతే ఈసారి మీవాళ్ళను కూడా వెంటబెట్టుకొని లాల్‌దర్వాజ బోనాలకు రా. నయాపూల్ వైపు బస్సులను మళ్ళిస్తారు గనుక సోమవారం మధ్యాహ్నానికే అక్కడికి చేరుకోవాలి. టికెట్లు ఇప్పుడే చూసుకో.

ఇట్లు,
నాన్న