పది నిమిషాల మాటల్లో నడత తేలదు

ఎడిటర్ గారికి,

నమస్కారం. ఒంగోలు, నెల్లూరులలో జాబ్‌మేళాలు జరిగినప్పుడల్లా కంపెనీల ప్రతినిధులు నిరుద్యోగ యువతకు చెప్పే మాట ఒకటుంది: "పని రాకపోయినా ఫరవాలేదు, యాటిట్యూడ్ బాగుంటే చాలు, పని మేమే నేర్పుకుంటాం." ఐటీఐలో ఫిట్టర్, వెల్డర్ ట్రేడుల పిల్లలకు ఏళ్ల తరబడి పాఠాలు చెప్పినవాడిగా ఈ మాటను నేను తేలిగ్గా కొట్టిపారేయను. చేతిలో ఎంత పనితనం ఉన్నా నడత సరిగా లేనివాడితో తోటివారు పడే అవస్థ నాకు తెలుసు. నా అభ్యంతరమల్లా ఆ నడతను మన దగ్గర కొలుస్తున్న పద్ధతి మీద, కొలిచాక నేర్పుతామన్న మాటను గాలికి వదిలేయడం మీద.

ఈ సూత్రానికి ప్రపంచమంతటా ప్రచారం తెచ్చింది అమెరికాలో సౌత్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌ను నడిపిన హెర్బ్ కెల్లెహర్. నడత చూసి తీసుకోండి, పని నేర్పండి అన్నది అందులోని సారం. మన దగ్గరికి వచ్చేసరికి అందులో మొదటి సగమే మిగిలింది. కుర్రవాణ్ణి చేర్చుకున్న మర్నాడే యంత్రం ముందు నిలబెట్టి, పక్కన నేర్పే మనిషి లేకుండా వదిలేసి, నెల తిరిగేసరికి పని రాదని పంపించేసిన సందర్భాలు నా దగ్గర చదువుకున్న పిల్లలే వచ్చి చెప్పుకున్నారు. శిక్షణకు డబ్బు, సమయం పెట్టే ఉద్దేశం లేని సంస్థ పనితనం అక్కర్లేదని చెప్పడం ఆ పిల్లలకు అన్యాయం చేయడమే.

ఇక కొలిచే పద్ధతి. పది నిమిషాల ఇంటర్వ్యూలో నిజంగా తేలేది ఇంగ్లీషులో తన గురించి తాను తడబడకుండా చెప్పుకోగలడా, కళ్లలోకి చూసి మాట్లాడతాడా, చొక్కా ఇస్త్రీ చేసి ఉందా అన్నంతవరకే. కనిగిరి, పొదిలి వైపు పల్లెల నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పిల్లవాడు పెద్దల ముందు తల వంచుకుని మాట్లాడటాన్ని మర్యాద అని నేర్చుకున్నాడు. అదే ఆ బల్ల ముందు ఆత్మవిశ్వాసం లేకపోవడంగా నమోదవుతుంది. అసలు ముఖం చూడకముందే పక్షపాతం పనిచేస్తుందనడానికి మన దేశంలోనే రుజువుంది. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, సామాజికశాస్త్రవేత్త పాల్ ఆటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, అర్హతలు ఒకే రకంగా ఉంచి పేర్లు మాత్రం మార్చి ప్రైవేటు కంపెనీలకు దరఖాస్తులు పంపితే, దళితుల పేర్లకూ ముస్లింల పేర్లకూ పిలుపులు తక్కువ వచ్చాయి. అలాంటి చోట లెక్కకు అందని 'దృక్పథం' అనే కొలబద్దను ఒక మనిషి చేతికిస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2016 జనవరి 1 నుంచి గ్రూప్ బీ నాన్ గెజిటెడ్, గ్రూప్ సీ వంటి కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను ఎత్తివేసింది. సివిల్ సర్వీసుల్లో కూడా మొత్తం 2025 మార్కుల్లో వ్యక్తిత్వ పరీక్షకు, అంటే ఇంటర్వ్యూకు, ఉన్నవి 275 మాత్రమే.

అలాగని నడతను పక్కన పెట్టమని నేను అనడం లేదు. చీమకుర్తి గ్రానైటు యూనిట్లలో ఘనమీటరు రాయే సుమారు మూడు టన్నుల బరువు తూగుతుంది. అటువంటి బ్లాకును క్రేన్‌తో ఎత్తేటప్పుడు ఇనుప తాడులో ఒక్క పోగు తెగి ఉన్నట్టు కనిపించినా పని ఆపి చెప్పేవాడు కావాలి. సూపర్‌వైజరు విసుక్కుంటాడేమోనని ఊరుకునేవాడి వల్ల ప్రాణం పోతుంది. నెల్లూరు తీరంలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లలో సైజుల వారీగా ఏరే గ్రేడింగ్ పనిని చురుకైన అమ్మాయి తొందరగానే పట్టుకుంటుంది. ఎవరూ చూడనప్పుడు కూడా చేతులు కడుక్కుని బల్ల దగ్గరికి వచ్చే అలవాటే దొరకడం కష్టం. నేను నడత అనేది వీటిని. ఇవి మాటల్లో బయటపడవు.

పనిలో బయటపడతాయి. ఫిట్టర్ పిల్లవాడికి డ్రాయింగు, ఆకురాయి, ఒక ఇనుప ముక్క ఇచ్చి రెండు గంటలు కూర్చోబెట్టండి. ముక్క కొలతకు వచ్చిందా లేదా అన్నది పనితనం. డ్రాయింగు అర్థం కానప్పుడు అడిగాడా, ప్రతిసారీ కొలిచి చూసుకుని అరగదీశాడా, కొలత తప్పితే దాచాడా చెప్పాడా, లేచేముందు పనిముట్లు తుడిచి పెట్టాడా అన్నది నడత. రెండూ ఒకే బల్ల మీద కనిపిస్తాయి. ఉద్యోగుల ఎంపికపై 85 ఏళ్ల పరిశోధనలను సమీక్షించి మనస్తత్వ శాస్త్రవేత్తలు ష్మిట్, హంటర్ 1998లో ప్రచురించిన వ్యాసం కూడా, తోచినట్టు సాగే ఇంటర్వ్యూ కంటే పని చేయించి చూసే పరీక్ష, అందరికీ ఒకే ప్రశ్నలు వేసే ఇంటర్వ్యూ మెరుగని తేల్చింది. బాయిలర్ దగ్గరో, హెచ్‌టీ (హై టెన్షన్) కరెంటు దగ్గరో మాత్రం తగిన అర్హత పత్రం, అనుభవం చూశాకే మిగతావి చూడాలి. అక్కడ మంచితనాన్ని చూసి సర్దుకుపోయే వీల్లేదు.

పనిచేస్తూ పని నేర్చుకునే అప్రెంటిస్‌ల కోసం చట్టం 1961 నుంచే ఉంది. కాంట్రాక్టు సిబ్బందితో కలిపి 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలని నిబంధనలు చెబుతున్నాయి. నెలల తరబడి కళ్లెదుట పనిచేసిన పిల్లవాడి నడతను ఆ షాపులో మేస్త్రీ చెప్పినంత కచ్చితంగా ఏ హెచ్‌ఆర్ అధికారీ చెప్పలేడు. అయినా అప్రెంటిస్‌షిప్ ముగిసినవాణ్ణి ఇంటికి పంపి, అదే పనికి కొత్తవాళ్ల కోసం మళ్లీ మేళాకు రావడం మన ప్రాంతంలో చూస్తున్నాం.

మేళాలకు కంపెనీలను ఆహ్వానించే రెండు జిల్లాల ఉపాధి, నైపుణ్యాభివృద్ధి శాఖల అధికారులకు నా విజ్ఞప్తి: సాంకేతిక ఉద్యోగాలకు దగ్గరలోని ఐటీఐ వర్క్‌షాపులోనే పని పరీక్ష పెట్టించండి. పని నేర్పుతామని చెప్పే సంస్థ ఎన్ని వారాలు, ఎవరితో, ఎంత స్టైపెండుతో నేర్పుతుందో ముందుగా రాసి ఇవ్వమనండి. ఎంపిక కానివారికి ఏ పనిలో, ఏ ప్రవర్తనలో లోపం కనిపించిందో ఒక్క వాక్యమైనా రాసి ఇప్పించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఐటీఐ శిక్షణాధికారి,
ఒంగోలు.