ఊహా ద్వీపం లీగు పట్టికలో ఒకే మ్యాచ్ రెండు రకాలుగా పడింది

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధం పిల్లల పేజీలో వస్తున్న ఊహా ద్వీపదేశపు ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగుని ఇక్కడి బడిపిల్లలు వారం వారం ఎదురుచూసి చదువుతున్నారు. ఐదు ద్వీపాలు, ద్వీపానికి రెండేసి క్లబ్బులు, మొత్తం పది. జెండాలు, జెర్సీలు, పడవ దిగి నేరుగా మైదానంలోకి పరుగెత్తే జట్లు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. పోయిన వారం సీజన్ ముగించి ఆఖరి పట్టిక వేశారు. ఆ పట్టిక చూశాకే ఈ ఉత్తరం రాస్తున్నాం. దేశాన్ని ఎలాగైనా ఊహించుకోవచ్చు గానీ, పది జట్లు ఆడిన మ్యాచ్‌ల పద్దు పైసాతో సహా తేలాలి కదా.

ప్రతి జట్టూ మిగతా తొమ్మిదింటితో సొంత మైదానంలో ఒకసారి, వాళ్ళ మైదానంలో ఒకసారి ఆడింది. జట్టుకి 18, మొత్తం 90 మ్యాచ్‌లు. పట్టికలో ఏ జట్టు వరుస కూడినా గెలుపు, డ్రా, ఓటమి కలిపి 18 వస్తోంది. అందుకే తప్పు ఎవరి కంటా పడలేదు. పట్టికని అడ్డంగా కూడి వదిలేయకూడదు, నిలువుగా కూడా కూడాలి. అలా కూడితే గెలుపులు 68, ఓటములు 67, డ్రాలు 45 తేలాయి. ఒకరు గెలిచారంటే ఒకరు ఓడారనే అర్థం, కాబట్టి మొదటి రెండూ సమానం కావాలి. డ్రా ఎప్పుడూ ఇద్దరి ఖాతాలో పడుతుంది, కాబట్టి మూడోది సరిసంఖ్య కావాలి. రెండూ కుదరలేదు. గోల్స్ సంగతీ అంతే: కొట్టినవి 251, ఇచ్చుకున్నవి 250. ఒకరి జమ ఇంకొకరి ఖర్చు. కొట్టిన గోలు ఎవరో ఒకరి వలలో పడాలి, ఇది ఎవరి వలలోనూ పడలేదు.

ఇవి మూడు తప్పుల్లా కనిపిస్తాయి గానీ, మూలం ఒక్కటే అయి ఉండాలి. ఏదో ఒక మ్యాచ్‌ని ఒక జట్టు వరుసలో, ఉదాహరణకి, 2–1 గెలుపుగా, ఎదుటి జట్టు వరుసలో 1–1 డ్రాగా ఎక్కించి ఉంటారు. అప్పుడు గెలుపు ఒకటి ఎక్కువై, ఓటమి ఒకటి తక్కువై, డ్రా బేసిగా మిగులుతుంది. ఇచ్చుకున్న గోల్స్ ఒకటి తగ్గుతాయి. అసలు ఫలితం 2–1 అయితే సరైన మొత్తాలు 68, 68, 44. 1–1 అయితే 67, 67, 46. రెండూ 90 మ్యాచ్‌లకి సరిపోతాయి. ఏది నిజమో పట్టికని ఎంత తిప్పినా తెలియదు, ఆ మ్యాచ్ రిఫరీ రిపోర్టు తీయాల్సిందే. మండల స్థాయి టోర్నమెంట్లలో కూడా స్కోరుని రెండు పుస్తకాల్లో ఇద్దరు రాసుకున్నచోట సరిగ్గా ఇదే జరుగుతుంది. రిఫరీ సంతకం ఉన్న ఒకే కాగితం నుంచి రెండు వరుసలూ ఒకే మనిషి, ఒకేసారి నింపితే ఈ తంటా ఉండదు.

ఛాంపియన్ జట్టుకి వేసిన 53 పాయింట్లు ఇంకో రకం తప్పు. గెలుపుకి 3, డ్రాకి 1 లెక్కన 18 మ్యాచ్‌ల్లో అన్నీ గెలిస్తే 54. ఒక్కటి డ్రా అయితే 52. మధ్యలో 53 అనేది ఏ దారినా రాదు. వాళ్ళ వరుసలో 17 గెలుపులు, ఒక డ్రా ఉన్నాయి కనుక 52 అని దిద్దితే చాలు.

నాలుగు, ఐదు స్థానాల జట్లకి పాయింట్లూ గోల్ తేడా (కొట్టినవాటిలోంచి ఇచ్చుకున్నవి తీసేస్తే వచ్చేది) కూడా సమానమైతే అకారాది క్రమంలో స్థానాలు ఇచ్చినట్టు కింద రాశారు. పాపం, పేరు హకారంతో మొదలైన క్లబ్బు ఏం చేసుకోవాలి? పాయింట్లు, తర్వాత గోల్ తేడా, తర్వాత కొట్టిన గోల్స్ అని చాలా లీగుల్లో వరుస. 1989లో ఇంగ్లండులో ఆర్సెనల్, లివర్‌పూల్ చెరి 76 పాయింట్లతో, చెరి 37 గోల్ తేడాతో నిలిచాయి. ఆర్సెనల్ కొట్టినవి 73, లివర్‌పూల్ కొట్టినవి 65. కప్పు ఆ ఎనిమిది గోల్స్ మీద తేలింది. అదీ సమానమైతే ఆ రెండు జట్ల పరస్పర మ్యాచ్‌లు చూడాలా, తటస్థ మైదానంలో మళ్ళీ ఆడించాలా అన్నది మొదటి మ్యాచ్‌కి ముందే కాగితం మీద ఉండాలి.

ఇక గాలికి ఎదురుగా కొట్టిన గోలుని రెండుగా లెక్కపెట్టాలన్న నిబంధన. చదవడానికి సరదాగానే ఉంది. కానీ నిజం ద్వీపదేశాలకే ఇలాంటి సరదా ఒకసారి ఎదురు తిరిగింది. 1994 కరీబియన్ కప్ అర్హత పోటీల్లో అదనపు సమయంలో పడే గోల్డెన్ గోలుని (పడగానే ఆట ముగిసే గోలు) రెండు గోల్స్‌గా లెక్కించారు. గ్రెనడా మీద రెండు గోల్స్ తేడాతో గెలిస్తేనే బార్బడోస్ ముందుకు వెళ్తుంది. 2–0తో ఉన్న బార్బడోస్ ఆట చివర్లో ఒక గోలు ఇచ్చుకుంది. మిగిలిన కాసేపట్లో ఇంకోటి కొట్టడం కన్నా సొంత వలలో వేసుకుని 2–2 చేసి అదనపు సమయానికి వెళ్ళడమే మేలనుకుంది, అదే చేసింది. అప్పుడు గ్రెనడాకి ఏ గోల్‌పోస్టులో వేసినా లాభమే, ఎందుకంటే ఒక్క గోలు తేడాతో ఓడినా వాళ్ళు ముందుకెళ్తారు. బార్బడోస్ ఆటగాళ్ళు రెండు వైపులా కాపలా కాయాల్సి వచ్చింది. చివరికి గోల్డెన్ గోలు కొట్టి 4–2తో బయటపడ్డారు. గాలి నిబంధనలో ఇంతకన్నా పెద్ద చిక్కుంది: గాలి ఎటు నుంచి వీస్తోందో తేల్చేది ఎవరు?

ఆరుగురితో ఆడి గెలిచిన జట్టు కథ కూడా కుదరదు. పడవ ఆలస్యమై ఆరుగురే చేరారని రాశారు. ఏడుగురికి తక్కువైతే మ్యాచ్ మొదలుపెట్టకూడదు, సాగించనూ కూడదు అని ఆట నియమాల్లో మూడోది చెబుతుంది. ఏడుగురు చేరారని మారిస్తే చాలు, వీరత్వం ఏమీ తగ్గదు.

అసలు చిక్కు ప్రయాణాలది. ఒక్కో జట్టుకి పరాయి మైదానంలో 9 మ్యాచ్‌లు. అందులో ఒకటి పొరుగు క్లబ్బుతో సొంత ద్వీపంలోనే. మిగతా ఎనిమిదింటికీ విడివిడిగా పడవ ఎక్కితే పది జట్లకి 80 ప్రయాణాలు, 18 వారాలు. నిజం ద్వీపాలు ఈ ముడిని తలో రకంగా విప్పుకున్నాయి. మాల్దీవుల్లో దివేహి ప్రీమియర్ లీగు మ్యాచ్‌లు ఎక్కువగా రాజధాని మాలేలోని జాతీయ స్టేడియంలోనే ఆడిస్తారు. ఇంగ్లండుకి చెందిన సిల్లీ ద్వీపాల్లో అయితే లీగంతా కలిపి రెండే జట్లు. సీజన్ పొడుగునా వాళ్ళలో వాళ్ళే ఆడుకుంటారు. ఫారో దీవుల్లో మీలాగే పది క్లబ్బులు, ఒక్కొక్కరితో మూడేసి సార్లు, జట్టుకి 27 మ్యాచ్‌లు. 27 బేసి సంఖ్య కాబట్టి సగం జట్లకి సొంత మైదానంలో ఒక మ్యాచ్ ఎక్కువ దొరుకుతుంది. ఐస్‌లాండ్‌లో 12 క్లబ్బులు 22 మ్యాచ్‌లు ఆడాక, 2022 నుంచి, పై ఆరు, కింది ఆరు విడిపోయి ఇంకో ఐదేసి ఆడుతున్నాయి.

మీ దేశానికి వీటికన్నా తేలిక దారి ఉంది. ద్వీపానికి రెండు క్లబ్బులు ఉండటమే మీకు కలిసొచ్చే విషయం. క్లబ్బులకి బదులు ద్వీపాలకి ఫిక్స్చర్ (ఎవరితో ఎవరు ఎప్పుడు ఆడాలన్న పట్టిక) వేయండి. ద్వీపాలని అ, ఆ, ఇ, ఈ, ఉ అనుకుంటే:

మొదటి వారం అ–ఈ, ఆ–ఇ, ఉ ఇంట్లో.
రెండో వారం ఉ–ఆ, ఇ–ఈ, అ ఇంట్లో.
మూడో వారం ఈ–ఉ, అ–ఇ; ఆ ఇంట్లో.
నాలుగో వారం ఉ–అ, ఈ–ఆ, ఇ ఇంట్లో.
ఐదో వారం ఇ–ఉ, ఆ–అ, ఈ ఇంట్లో.

ముందు రాసిన ద్వీపానిది ఆతిథ్యం. రెండో ద్వీపం జట్లు రెండూ ఒకే పడవలో వస్తాయి. శుక్రవారం రెండు మ్యాచ్‌లు, ఆదివారం ప్రత్యర్థులు మార్చుకుని రెండు. శనివారం విశ్రాంతి. ఇంట్లో ఉన్న ద్వీపంలో ఆ వారం సొంత క్లబ్బులు రెండూ తలపడతాయి. వారానికి 9 మ్యాచ్‌లు, ఐదు వారాల్లో 45. ఆతిథ్యాలు తిరగేసి మరో ఐదు వారాలు ఆడితే 90 పూర్తి. ప్రతి ద్వీపానికీ ఒక విడతలో రెండు ఆతిథ్యాలు, రెండు ప్రయాణాలు వస్తాయి. 18 వారాల లీగు పది వారాల్లో, 80 ప్రయాణాలు 20 పడవలతో తేలిపోతాయి.

దీంట్లో నష్టం లేకపోలేదు. ఒకే మైదానం మీద మూడు రోజుల్లో నాలుగు మ్యాచ్‌లు పడతాయి. చినుకు పడిందంటే గోల్ ముందు గడ్డి లేచిపోయి ఆదివారం నాటికి బురదమడి అవుతుంది. గోల్‌కీపర్లు ఆటకి ముందు వేడెక్కే చోటు గోల్ ముందు కాకుండా పక్కకి జరపడం, శనివారం లేచిన గడ్డిని తొక్కించి ఇసుక చల్లడం తప్పనిసరి. లైట్లు లేని చోట మొదటి మ్యాచ్ మధ్యాహ్నం ఒంటిగంటకైనా మొదలవకపోతే రెండోది చీకట్లో పడుతుంది.

క్యాలెండర్ దగ్గర మాత్రం మన జిల్లాల పాఠకులు మిమ్మల్ని వదలరు. బంగాళాఖాతంలో ఉందని చెప్పిన దేశానికి ఆఖరి రౌండు అక్టోబర్ రెండో వారంలో పెట్టారు! హుద్‌హుద్ తుపాను తీరం దాటింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ వచ్చి ఉద్దానంలో కొబ్బరి, జీడితోటల్ని పడగొట్టింది 2018 అక్టోబర్ 11న. కళింగపట్నం నుంచి భావనపాడు దాకా ఎవరినడిగినా ఆ వారంలో పడవ దించమని చెప్పరు. వేట నిషేధం రోజుల్లో, అంటే మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, బోట్లు ఖాళీగా ఉంటాయి కదా అనిపించవచ్చు. చేపల బోటు జనాన్ని మోసే పడవ కాదు. పైగా ఆ ఎండలో 90 నిమిషాల ఆట, మేలో తుపాన్లు రావన్న భరోసా కూడా లేదు. 2019లో ఫణి మే 3న పూరీ దగ్గర తీరం దాటింది. డిసెంబర్ మధ్య నుంచి మార్చి మధ్య దాకా 13 వారాలు వస్తాయి. పదింటిలో ఆడించి, మూడు వారాలు వాయిదా పడ్డవాటికి ఉంచుకోండి. ఆ మూడింటినీ ఆఖరున కుప్ప పోయకుండా నాలుగో వారం తర్వాత ఒకటి, ఏడో వారం తర్వాత ఒకటి, పదో వారానికి ముందు ఒకటి ఉంచితే, చివరి వారానికి అన్ని జట్లూ సమానంగా ఆడి ఉంటాయి. అది ముఖ్యం. 1982 ప్రపంచ కప్‌లో ఎన్ని గోల్స్‌తో ముగిస్తే ఇద్దరూ గట్టెక్కుతారో ముందే తెలిసిన పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా 1–0 దగ్గర ఆట ఆపేసినంత పని చేశాక, తర్వాతి ప్రపంచ కప్ నుంచి గ్రూపు ఆఖరి మ్యాచ్‌లు ఒకే వేళకి పెడుతున్నారు. మీ ఆఖరి ఆదివారం నాలుగు మ్యాచ్‌లు కనీసం జంటలుగానైనా ఒకే గంటకి మొదలవ్వాలి, ఆ ఆఖరి వారం ఇంటి మ్యాచ్ కూడా శుక్రవారం కాక ఆదివారమే ఉండాలి.

మ్యాచ్ మధ్యలో గాలివాన వచ్చి ఆగిపోతే, పోటీ నిబంధనల్లో వేరేగా రాసి ఉంటే తప్ప మొదటి నుంచి మళ్ళీ ఆడాలి. మీ కథలో 80వ నిమిషంలో ఆగిన మ్యాచ్‌కి అప్పటి స్కోరే ఖాయం చేశారు. చేయవచ్చు, కానీ ఆ మాట రూల్సు పుస్తకంలో ముందే ఉండాలి.

మైదానం బొమ్మ గురించి రెండు మాటలు. గోల్ కొలతలు 7.32 మీటర్ల వెడల్పు, 2.44 మీటర్ల ఎత్తు సరిగ్గా వేశారు, గీసిన పిల్లలకి శభాష్. పొడవు మాత్రం 60 మీటర్లు వేశారు. పెద్దల ఆటకి 90కి తగ్గకూడదు. చిన్న ద్వీపంలో చోటు లేదనుకుంటే ఫారో దీవుల దారి ఉంది. 1990లో ఆస్ట్రియాని 1–0తో ఓడించిన ఆ మ్యాచ్‌ని, సొంత గడ్డ మీద పచ్చిక మైదానం లేక, స్వీడన్ వెళ్ళి ఆడారు. మీ బొమ్మలో గోల్స్ తూర్పు పడమరలుగా ఉన్నాయి. సాయంత్రం మ్యాచ్‌లో పడమటి వైపు చూసే గోల్‌కీపర్ కళ్ళలో సూర్యుడు పొడుస్తాడు. ఉత్తర దక్షిణాలుగా తిప్పి, సముద్రం వైపు సరుగుడు చెట్లు నాటితే ఇసుక గాలి కొంత ఆగుతుంది. ఉప్పు గాలికి ఇనప గోల్‌పోస్టులు నేలలో దిగిన చోటే ముందు తుప్పు పడతాయి. పైన రంగు మెరుస్తున్నా ప్రతి సీజన్‌కి ముందు అక్కడ మట్టి తవ్వి చూడాలి.

వచ్చే ఆదివారం సవరించిన పట్టిక వేసేటప్పుడు 90 ఫలితాలూ విడిగా వేయగలిగితే, రెండు రకాలుగా పడ్డ ఆ మ్యాచ్ ఏదో పిల్లలే వెతికి పట్టుకుంటారు.

ఇట్లు,
టోర్నమెంట్లకి ఫిక్స్చర్లు వేసే కొందరు వ్యాయామ ఉపాధ్యాయులు, రిఫరీలు
విజయనగరం