చలి ఊళ్లకు వెళ్లే మొక్కల మీద డిగ్రీలు రాయాలి

అయ్యా,

కడియం, కడియపులంక నర్సరీల మొక్కలు దేశమంతా వెళ్తున్నాయి. వాటిలో ఉత్తరాది కొండ ఊళ్లకు చేరినవి కొన్ని మొదటి చలికాలం దాటగానే ఎండిపోతున్నాయి. "జనవరిలో పచ్చగానే ఉన్నాయి, మార్చికి మాడిపోయాయి, వేర్లు తెగిన సరుకు అంటగట్టారు" అని కొన్నవాళ్లు ఫోన్లు చేస్తారు. బాకీ ఆగిపోతుంది. తగువు పడటమే తప్ప కారణం ఎవరికీ పట్టదు.

ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే ఆ లాగుడుకే దారునాళాల్లో, అంటే కాండంలో నీటిని మోసే సన్నని గొట్టాల్లో, నీరు వేర్ల నుంచి పైదాకా తెగకుండా వస్తుంది. ఆ నీటిలో కొంత గాలి కరిగి ఉంటుంది. నాళంలో నీరు గడ్డకడితే ఆ గాలికి గడ్డలో చోటుండదు, బుడగలుగా బయటపడుతుంది. పొద్దెక్కి గడ్డ కరిగేటప్పుడు చిన్న బుడగలు మళ్లీ నీటిలో కలిసిపోతాయి. పెద్దవి మాత్రం ఆకుల లాగుడుకి ఇంకా ఉబ్బి నీటిని మధ్యలో తెంపేస్తాయి. బోరు మోటారుకి గాలి పడితే నీరు ఎత్తదు చూడండి, అలాగన్నమాట. రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం జరిగేకొద్దీ పనిచేయని నాళాలు పెరుగుతాయి. చలిలో ఆకు వాడే నీరు తక్కువ కనుక చెట్టు బాగానే కనిపిస్తుంది. ఎండ ముదిరాక అసలు సంగతి బయటపడుతుంది. చలికి కణాలే చచ్చిపోవడం ఇంకో రకం దెబ్బ, అది వెంటనే తెలుస్తుంది.

నాళం వెడల్పు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. సుమారు 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు సన్నని నాళాలకు ఈ బాధ తక్కువ. దేవదారు, పైన్ చెట్లవి అలాంటివే. కశ్మీర్ అక్రోటు చలికాలంలోనే కాండంలో పీడనం పుట్టించి నాళాలను నింపుకుంటుంది. ఓక్ చెట్టు వసంతంలో కొత్త నాళాలు వేసుకుంటుంది. మనం లారీలకెత్తే రాయల్ పామ్‌కి ఆ వీలు కూడా లేదు. తాడి, కొబ్బరి జాతి కాండం ఏటేటా లావెక్కి కొత్త దారువు వేయదు, పాత నాళాలతోనే జీవితాంతం నెట్టుకురావాలి. అలాంటి చెట్టుని సిమ్లాకు అమ్మడం వ్యాపారం అనిపించుకోదు.

కాబట్టి ప్రతి మొక్క లేబుల్ మీద, బిల్లు మీద అది ఎన్ని డిగ్రీల చలి దాకా తట్టుకుంటుందో రాయాలి. రాస్తే గిరాకీ పడిపోతుందని కొందరి టెన్షన్. ఎండిన మొక్కల డబ్బు రాక పడే నష్టం ముందు అదెంత? ఆ డిగ్రీలు తేల్చడానికి వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం మనకు దగ్గర్లోనే ఉంది. చలికాలంలో సున్నాకి చేరువయ్యే లంబసింగి కూడా మన రాష్ట్రంలోదే. మన నర్సరీల్లో ఎక్కువగా అమ్ముడయ్యే రకాలను అక్కడ రెండు చలికాలాలు నాటి చూడాలి, గడ్డకట్టే చలిని ల్యాబ్‌లో పెట్టి చూడాలి. ఉద్యానశాఖ, నర్సరీ రైతుల సంఘాలు కలిసి ఈ ఏడాదే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక నర్సరీ రైతు, కడియపులంక