గోదావరికీ తైబందీ కావాలి

సంపాదకులకు నమస్కారం.

గోదావరి నీళ్ల మీద చర్చంతా ఏ బరాజుకు మరమ్మతు చేయాలి, ఏ ఎత్తిపోతలను ముందు పూర్తి చేయాలి అన్న దగ్గరే తిరుగుతున్నది. అవి అవసరమే, కాదనను. అయితే వచ్చే ముప్పై ఏళ్లలో ఉమ్మడి వరంగల్ జిల్లాకు నీళ్లు ఏ తీరుగా వస్తాయో ఎవరూ రూఢిగా చెప్పలేనప్పుడు, ఒకే ఒక్క లెక్కను నమ్ముకొని ప్రణాళిక రాయడం తగదని నా మనవి.

శ్రీరాంసాగర్‌నే తీసుకోండి. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టును 112 టీఎంసీల లెక్కతో కట్టుకుంటే, పూడిక పేరుకొని నేడు దాని సామర్థ్యం 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. దాన్ని నమ్ముకున్న 284 కిలోమీటర్ల కాకతీయ కాలువ మాత్రం కురచ కాలేదు. అటు కొరత అలా ఉండగా, 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజే దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. అదే ఏడు అక్టోబరులో గోదావరి మీది మేడిగడ్డ బరాజు పిల్లర్లు కుంగాయి. ఆ వెనుక వచ్చిన యాసంగిలో బోర్లు ఎండి, పొట్టకొచ్చిన వరిని పశువులకు వదిలేసిన మడులను నేనే చూశాను. ఇన్ని తీర్ల నీళ్లను సగటు అంకె ఏం పట్టుకుంటుంది?

మా నాయన కాలంలో వానలు వెనుకబట్టాక పెద్దమనుషులు, చెరువు నీళ్లు పంచే నీరటి కలిసి చెరువు కట్ట మీదికి పోయేవారు. తూము రాతి మీద నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చూసి, ఈ యాసంగికి ఎన్నెకరాలు పారుతుందో అక్కడే తేల్చేవారు. నీళ్లు తక్కువైతే తలా కొంత కోత, అది కూడా నారు పోయక ముందే. దాన్నే తైబందీ అన్నాం. ఇప్పుడూ ఆ మాట ఏటా వినిపిస్తుంది గానీ అది ఒక్క పంటకాలానిదే.

కావలసింది ముప్పై ఏళ్లకు తైబందీ. శ్రీరాంసాగర్ వరుసగా మూడేళ్లు నిండకపోతే ఏ ఉపకాలువ (డిస్ట్రిబ్యూటరీ) కింద ఆరుతడి పంటలకు మళ్లాలి, భారీ వాన హెచ్చరిక వస్తే ఏ చెరువులను ముందే కొంత ఖాళీ చేయాలి, ఆ మాట ఎవరు చెప్పాలి అన్నవి కరువో వరదో వచ్చాక కాక ఇప్పుడే రాసిపెట్టాలి. ఐదేళ్లకోసారి పూడికను, ఇన్‌ఫ్లోలను మళ్లీ కొలిచి ఆ కాగితాన్ని సవరించాలి. ఆయకట్టు తగ్గుతుందని రాయడానికి ఏ నాయకుడికీ చేయి రాదని తెలుసు. రాయకపోయినా ఆ మడులు ఎండుతూనే ఉన్నాయి.

వాన ఎక్కువైనా తక్కువైనా అక్కరకొచ్చే పనులు ముందు చేయాలి. మా ఊరి చెరువులో పూడిక తీశారు గానీ దాన్ని నింపే కట్టుకాలువ తుమ్మలు మొలిచి పూడిపోయే ఉంది. మత్తడి కింది వాగు సగానికి సగం పొలాల్లో కలిసింది. అందుకే వానకు ఊరు మునుగుతుంది, వేసవికి చెరువు ఎండుతుంది. హనుమకొండ నాలాల కథా వేరు కాదు.

ఇటువంటి ప్రణాళిక ముసాయిదాను తెలుగులో అచ్చువేసి గ్రామసభల ముందు పెట్టాలని కోరుతున్నాను. నీరటి పని చేసినవాళ్లు ఊళ్లలో ఇంకా కొందరున్నారు. ఏ వాగు నీళ్లు ఏ చెరువుకు మళ్లేవో మ్యాపు విప్పకముందే వాళ్లు చెప్పగలరు.

ఇట్లు,
ఒక ఆయకట్టు రైతు,
పరకాల ప్రాంతం