తెప్పవాళ్ల లిస్టు ఏది?

సంపాదకులకు నమస్కారం.

2018 ఆగస్టులో కేరళ మునిగినప్పుడు అక్కడి మత్స్యకారులు పడవల్ని లారీల మీద ఎక్కించుకుని వెళ్లి వేలమందిని కాపాడారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా అక్క కూతురు మేడ మీదే రెండు రాత్రులు గడిపింది. చివరికి ఊరూపేరూ తెలియని కుర్రాళ్లు ట్యూబులు, తాడుతో వచ్చి దించారు. వాళ్లలో ఒక్కరికీ లైఫ్ జాకెట్ లేదట!

మా విశాఖలో పెదజాలరిపేట నుంచి భీమిలి దాకా ఫైబర్ తెప్పలున్నాయి, సముద్రాన్ని చదివిన చేతులున్నాయి. కానీ వీధుల్లోని వరద సముద్రం కాదు. నీళ్ల కింద గేట్లు, కరెంటు తీగలు, మూత ఊడిన మ్యాన్‌హోళ్లు ఉంటాయి. ఇంజను ఫ్యాన్‌కి చీర చుట్టుకున్నా పడవ ఆగిపోతుంది. దీనికి వేరే శిక్షణ కావాలి.

తుపాను సీజన్ మొదలవకముందే జిల్లా అధికారులు వరదలో సాయానికి రాగల తెప్పవాళ్ల లిస్టు పేటలవారీగా రాసి, వాళ్లకి జాకెట్లు, తాళ్లు, ఇన్సూరెన్స్ ఇవ్వాలి. డీజిల్ ఖర్చు, పడవకు దెబ్బ తగిలితే రిపేరు ఎవరిదో ముందే తేల్చాలి. శాలువాలు తర్వాత కప్పొచ్చు. హుద్‌హుద్ చూసిన ఊరికి ఇంతకన్నా చెప్పాలా?

- ఒక పాఠకుడు, విశాఖపట్నం